వాషర్ ఎవరు మారుస్తారు? మా మేనకోడలి యాప్, పేద దేశాల టెక్నాలజీ

పోయిన ఎపిసోడ్‌లో మా మేనకోడలు, నేను మాట్లాడుకున్నది చాలామంది విన్నారు. పూర్తి ట్రాన్‌స్క్రిప్ట్ కూడా ఉంది, చదువుకోవచ్చు. మాటల్లో తొందరపడి కొన్ని సంగతులు సగం సగమే చెప్పాను. "ఆ పంపు కథ ఇంకొంచెం వివరంగా చెప్పు అన్నా" అని వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. అందుకే ఇది రాస్తున్నాను. నేను ఐటీఐలో ఫిట్టర్ చేసినవాణ్ని, ఇప్పుడు దుబాయ్‌లో బిల్డింగ్ సైట్ సూపర్‌వైజర్‌ని. రోజూ రాసేది డైలీ రిపోర్టే. ఇది కూడా అట్లనే ఉంటే ఏమనుకోకండి.

యాప్ సంగతి

మా అక్క బిడ్డ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. తోటి పిల్లలంతా సాఫ్ట్‌వేర్ కంపెనీల ఇంటర్వ్యూలకు తయారవుతుంటే ఈమె ధ్యాస వేరే. పేద దేశాల్లో నీళ్లకు, చదువుకు, వైద్యానికి, డబ్బు పంపుకోవడానికి టెక్నాలజీ ఎట్లా పనికొస్తుంది అన్నదాని మీద మాస్టర్స్ చేస్తానంటుంది. మా అక్కకు ఆ చదువు అంతుపట్టదు. "అది చదివితే నౌకరీ ఏడ దొరుకుతదిరా?" అని నన్ను అడుగుతుంది. బయటి దేశంలో ఉన్నాను కాబట్టి నాకు తెలుస్తుందని ఆమె నమ్మకం.

కాలేజీ ప్రాజెక్టు కోసం ఈ పిల్ల గల్ఫ్ కార్మికులకు ఒక యాప్ తయారుచేసింది. పనికి ఎక్కిన టైం, దిగిన టైం, ఓవర్‌టైం రోజూ అందులో వేసుకోవాలి. నెలాఖరుకు జీతంతో సరిపోయిందో లేదో అదే లెక్క చూపిస్తుంది. "మీ క్యాంపుల పది పదిహేను మందితోటి వాడించి చూడు మామా" అంది. నా కింద పనిచేసే 14 మంది ఫోన్లలో వేయించాను. మూడు వారాల తర్వాత చూస్తే రోజూ వాడుతున్నది ఇద్దరే.

ఆ రాత్రి ఫోన్ చేసింది. గొంతు బాగాలేదు. "వాళ్ల మంచికే కద మామా చేసింది. ఎందుకు వాడరు?" అంది. రిపోర్టు ఇవ్వడానికి ఇంక పది రోజులే ఉంది. కాసేపు ఆగి, "14 మంది వాడుతున్నరని రాయనా? ఇన్‌స్టాల్ అయితే చేసుకున్నరు కద" అని అడిగింది.

అవునని గానీ కాదని గానీ నేను వెంటనే అనలేదు. మా బాపు బోరింగు కథ చెప్పాను.

బాపు బోరింగు

మా బాపు మండలంలో బోరింగు మెకానిక్. బోరింగు అంటే చేతిపంపు అని మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఊరి నడుమ బోరింగు, దాని చుట్టూ సిమెంటు గద్దె, బిందెల లైను, ఇవి చూడకుండా పెరిగినవాళ్లు మా ఈడులో తక్కువ. ఆ పంపు పేరు ఇండియా మార్క్ 2.

దాని వెనక పెద్ద కథ ఉంది. 1966-67లో బిహార్‌లో కరువు వచ్చింది. ఆ తర్వాత గట్టి రాతినేలల్లో బోర్లు వేసే రిగ్గులు యునిసెఫ్ సాయంతో మన దేశానికి వచ్చాయి. రాతిని తొలిచి నీళ్లు పట్టడం కుదిరింది. బోరు మీద పెట్టిన పంపులే నిలవలేదు. అవి ఎక్కువగా పోత ఇనుముతో చేసినవి. యూరప్, అమెరికాల్లో ఒక్కో కుటుంబం ఇంటి దగ్గర వాడుకునే పంపులకు నకళ్లు. మన దగ్గర ఒక్క పంపు మీద ఊరంతా పడుతుంది, పొద్దున నాలుగింటి నుంచి రాత్రి దాకా. పిడి విరిగేది, పిన్ను అరిగేది. 1970ల మొదట్లో అట్లాంటి పంపుల్లో చాలా భాగం చెడిపోయి పడి ఉండేవి.

అప్పటికే మహారాష్ట్రలో షోలాపూర్ వైపు మిషన్ వాళ్లు ఉక్కుతో ఒక పంపు తయారుచేసుకున్నారు. దాన్ని ఆధారం చేసుకొని ప్రభుత్వం, యునిసెఫ్, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కంపెనీ ఇంజనీర్లు కలిసి మార్క్ 2 తయారుచేశారు. కోయంబత్తూరు దగ్గర నిజమైన ఊళ్లలో, నిజమైన బోర్ల మీద పెట్టి పరీక్షించారు. 1970ల చివరికి పెద్ద ఎత్తున తయారీ మొదలైంది. 1990ల నడిమికి లక్షల సంఖ్యలో తయారై ఎన్నో దేశాలకు చేరింది.

ఫిట్టర్ కంటితో చూస్తే అందులో మూడు తెలివైన పనులు కనిపిస్తాయి. ఒకటి, పిడి కదిలే చోట సీలు చేసిన బాల్ బేరింగులు పెట్టారు, గ్రీజు పెట్టే పని తప్పింది. రెండు, పిడికి, లోపలి రాడ్డుకు నడుమ గొలుసు పెట్టారు, లాగుడు ఎప్పుడూ నిటారుగా ఉంటుంది, రాడ్డు వంగదు. మూడు, పంపు కాళ్లను కాంక్రీటులో పాతారు, బరువంతా బోరు కేసింగు మీద పడదు. దీని డిజైను మీద ఎవరికీ పేటెంటు లేదు. దేశంలో ఏ వర్క్‌షాపు అయినా చేసుకోవచ్చు, అయితే ప్రమాణానికి సరిపోవాలి. అందుకే ఒక జిల్లాలో కొన్న భాగం ఇంకో జిల్లాలో అతికేది.

ఇంత మంచి పంపు కూడా చెడిపోయేది. సిలిండర్ లోపలి వాషర్లు అరుగుతాయి, నీళ్లు రావు. వాషర్ ఖరీదు తక్కువే. దాన్ని మార్చాలంటే మాత్రం లోపలున్న పైపులన్నీ ఒక్కొక్కటే పైకి లాగాలి. దానికి నలుగురు మనుషులు, పైపు పానాలు, సామాను మోసే బండి కావాలి. బాపు వెంట సెలవుల్లో నేనూ పోయి పైపులు పట్టుకునేవాణ్ని. కొన్ని ఊళ్లలో రెండు రోజుల్లో పంపు బాగయ్యేది, కొన్ని ఊళ్లలో నెల పట్టేది. పంపు అదే, వాషర్ అదే. తేడా ఎక్కడంటే, మొదటి ఊళ్లో చెడిపోయిన పొద్దే మండలాఫీసుకు కబురు పెట్టే మనిషి ఉండేవాడు. బాపు అనేవాడు: "బోరింగు ఖరాబైతే తప్పు లేదు. ఖరాబైనంక ఎవలకు చెప్పాల్నో ఊరికి తెల్వకపోవుడే తప్పు."

తర్వాత మార్క్ 3 వచ్చింది. అందులో పైపు వెడల్పు పెంచారు, పైపులు పీకకుండానే పిస్టన్‌ను పైకి తీయొచ్చు. అంటే బాపు లాంటివాళ్లు పడ్డ తిప్పలు డిజైన్ చేసేవాళ్ల దాకా చేరాయన్నమాట.

మా సైట్‌లో ఉగాండా కుర్రాడు ఒకడు ఉన్నాడు. నా ఫోన్‌లో మా ఊరి బోరింగు ఫోటో చూసి, మా ఊళ్లోనూ ఇదే ఉంది అన్నాడు. నేను నమ్మలేదు. తర్వాత తెలిసింది, ఉగాండాలో మార్క్ 2 నమూనానే యూ2 అని, మార్క్ 3 నమూనాను యూ3 అని వాడతారు. అక్కడ కొన్ని చోట్ల భూగర్భ జలంలో ఆమ్లం ఎక్కువ. జీఐ పైపులు తుప్పు పట్టి నీళ్లు ఎర్రగా వస్తాయి. మన నేలకు సరిపోయిన పైపు ఆ నేలకు సరిపోలేదు. మంచి వస్తువు కూడా కొత్త చోటికి పోతే మళ్లీ పరీక్ష రాయాల్సిందే.

పిల్లలు ఆడితే నీళ్లొచ్చే పంపు

ఇప్పుడు దీనికి తిరగబడ్డ కథ. దక్షిణాఫ్రికాలో ప్లేపంప్ అని ఒకటి పుట్టింది. బడిలో పిల్లలు ఎక్కి తిరిగే రంగులరాట్నానికి పంపు తగిలించారు. పిల్లలు ఆడుకుంటూ తిప్పితే నీళ్లు ఎత్తు మీదున్న ట్యాంకులోకి పోతాయి. ట్యాంకు చుట్టూ అడ్వర్టైజ్‌మెంటు బోర్డులు, ఆ ఆదాయంతో మరమ్మతులు. వినడానికి ఎంత బాగుందో చూడండి. 2000లో ప్రపంచ బ్యాంకు వాళ్ల బహుమతి వచ్చింది. 2006లో అమెరికాలో ఒక పెద్ద సభలో 1 కోటి 64 లక్షల డాలర్ల సాయం ప్రకటించారు. 2010 నాటికి ఆఫ్రికాలో 4,000 పంపులు పెట్టాలన్నది లక్ష్యం.

ఒక్కోదానికి సుమారు 14,000 డాలర్లు అయ్యేది, మామూలు చేతిపంపుకు కొన్ని రెట్లు. 2009లో బ్రిటన్ పత్రిక గార్డియన్ లెక్క వేసింది: చెప్పినంత మందికి చెప్పినన్ని నీళ్లు రావాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలి! పిల్లలు ఎప్పుడూ ఆడరు కదా, బడికి సెలవులుంటాయి. అప్పుడు ఆ రాట్నాన్ని ఆడవాళ్లే నడుము వంచి తిప్పాల్సి వచ్చింది. కొన్ని చోట్ల బాగా పనిచేస్తున్న చేతిపంపు తీసేసి దీన్ని పెట్టారు. చెడిపోతే ఊళ్లో బాగుచేసేవాళ్లు లేరు. అడ్వర్టైజ్‌మెంట్లు చాలా చోట్ల రానే లేదు. చివరికి ఆ సంస్థ పని ఆపేసి మిగిలిన పంపులు వేరే సంస్థకు అప్పజెప్పింది.

మా మేనకోడలు ఇది విని చాలాసేపు మాట్లాడలేదు. "ఊరోళ్లను ఎవలూ అడగలేదా మామా?" అంది. ఫోటోలు అడిగారు బిడ్డా, లెక్క అడగలేదు అన్నాను.

కెన్యా గార్డు ఫోను

మా బిల్డింగ్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు కెన్యా మనిషి. ఇంటికి డబ్బు ఎట్లా పంపుతావు అంటే ఎంపెసా అంటాడు. స్వాహిలీ భాషలో పెసా అంటే పైసలే, ఎం అంటే మొబైల్.

2007 మార్చిలో కెన్యాలో సఫారికామ్ అనే ఫోన్ కంపెనీ దీన్ని మొదలుపెట్టింది. దీనికి ముందు ప్రయోగ దశలో బ్రిటన్ ప్రభుత్వ సాయం ఉంది. మొదట అనుకున్నది వేరు: చిన్న అప్పులు తీసుకున్నవాళ్లు కిస్తీలు ఫోన్‌లో కట్టడం. 2005 నుంచి ప్రయోగం చేస్తుంటే, జనం దాన్ని ఒకరికొకరు డబ్బు పంపుకోవడానికి వాడుతున్నారని బయటపడింది. నైరోబీలో పనిచేసేవాళ్లు ఊళ్లో తల్లికి పంపడానికి. అంతకు ముందు బస్సు డ్రైవర్ చేతికో, ఊరికి పోయే చుట్టం చేతికో ఇచ్చేవాళ్లు. కంపెనీ తన ప్లాను పక్కన పెట్టి, జనం వాడుతున్న పద్ధతినే ముందుకు తెచ్చింది. నాకు ఈ కథ మొత్తంలో పెద్ద తెలివి ఇక్కడే కనిపిస్తుంది.

పనిచేసే తీరు సులువు. ఇంటర్నెట్ అక్కర్లేదు, బటన్ల ఫోన్ చాలు. వీధి చివరి కొట్టువాడే ఏజెంటు. అతనికి నోట్లు ఇస్తే మీ నంబరులో అంత మొత్తం పడుతుంది. పిన్ను కొట్టి అమ్మ నంబరుకు పంపితే ఆమెకు మెసేజ్ పోతుంది. ఆమె తన ఊరి కొట్టులో నోట్లు తీసుకుంటుంది. జనం వేసిన డబ్బు మొత్తం బ్యాంకులో ట్రస్టు ఖాతాలో ఉంటుంది. తవ్‌నీత్ సూరి, విలియం జాక్ అనే ఆర్థికవేత్తలు 2016లో సైన్స్ పత్రికలో రాసిన అంచనా ప్రకారం దీనివల్ల 1,94,000 కుటుంబాలు, అంటే కెన్యా కుటుంబాల్లో 2 శాతం, పేదరికం నుంచి బయటపడ్డాయి. ఎక్కువ మేలు ఆడవాళ్లే ఇంటి పెద్దగా ఉన్న కుటుంబాలకు జరిగింది. ఈ లెక్క మీద తర్వాత కొందరు పరిశోధకులు వాదనకు దిగారు, అది కూడా చెప్పాలి.

అదే ఎంపెసా 2010లో దక్షిణాఫ్రికాకు పోయి 2016లో మూతపడింది. మన దేశానికి 2013లో వచ్చి 2019లో ఆగిపోయింది. దక్షిణాఫ్రికాలో చాలామందికి అప్పటికే బ్యాంకు ఖాతాలున్నాయి. మన దగ్గర నియమాలు వేరు, పైగా 2016లో యూపీఐ వచ్చింది. కెన్యాలో గెలిచిన వస్తువు పక్క దేశంలో గెలవాలని రూలేమీ లేదు.

లాప్‌టాపులు, నల్లగొండ పద్ధతి

ఇంకో రెండు ఉదాహరణలు క్లుప్తంగా చెప్తాను. 2005లో నికొలస్ నెగ్రోపాంటే అనే అమెరికా ప్రొఫెసర్ ప్రతి పిల్లవాడికీ వంద డాలర్ల లాప్‌టాప్ అన్నారు. తయారయ్యేసరికి ధర దాదాపు రెట్టింపైంది. పెరూ ప్రభుత్వం లక్షల్లో కొన్నది. అక్కడి బడుల్లో చేసి 2012లో వెలువరించిన అధ్యయనంలో లెక్కలు, భాష మార్కుల్లో తేడా ఏమీ కనిపించలేదు. యంత్రం ఇచ్చారు, దాంతో పాఠం ఎట్లా చెప్పాలో టీచరుకు సరిగా చెప్పలేదు.

రెండోది మన పేరుతోనే ఉంది. నల్లగొండ ఫ్లోరైడ్ బాధ తెలియని తెలుగువాళ్లు లేరు. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టింది. దాని పేరు నల్లగొండ టెక్నిక్. టాంజానియా, ఇథియోపియా ఊళ్లలోనూ వాడారు. కరెంటు అక్కర్లేదు, బకెట్టు చాలు. చిక్కు ఏమిటంటే రోజూ కొలత ప్రకారం కలపాలి, అడుగున పేరుకున్న మడ్డి పారేయాలి. రోజూ ఆ పని చేసే మనిషి ఉన్నంత కాలమే అది పనిచేస్తుంది.

మా జీతం కార్డు

మా సంగతికి వస్తాను. నేను వచ్చిన కొత్తలో జీతం కవర్లో నోట్లుగా ఇచ్చేవాళ్లు. ఆలస్యమైతే అడగడానికి చేతిలో కాగితం ముక్క ఉండేది కాదు. 2009లో ఇక్కడ డబ్ల్యూపీఎస్ వచ్చింది. కంపెనీ జీతాలన్నీ బ్యాంకు లేదా ఎక్స్చేంజ్ ద్వారానే వేయాలి. ఎవరికెంత పడిందో కార్మిక శాఖకు కనిపిస్తుంది. వేయకపోతే కంపెనీకి కొత్త పర్మిట్లు ఆగుతాయి.

ఇది టెక్నాలజీయేనా అంటే అవును. కంప్యూటర్లు లేకుండా అన్ని లక్షల జీతాలు ఎవరు సరిచూస్తారు? కానీ బలం మాత్రం వెనకున్న చట్టానిది. దానికీ హద్దుంది. రాసిన జీతం పడిందా లేదా అన్నది ఆ లెక్కలో తేలుతుంది. రాయని ఓవర్‌టైం ఎవరికి కనిపిస్తుంది? చదువు రాని కొత్త కుర్రాళ్లు కార్డు, పిన్ను రూంమేట్ చేతిలో పెట్టడం కూడా చూశాను. మా మేనకోడలి యాప్ ఈ సందులోనే దూరాలనుకుంది. అంటే ఆలోచన తప్పు కాదు.

మరి ఎందుకు వాడలేదు?

మరుసటి శుక్రవారం చాయ్ పెట్టుకొని 14 మందినీ అడిగాను. సగం మంది సైట్‌లో ఫోన్ దగ్గర పెట్టుకోరు, ఎత్తు మీద పనిచేసేటప్పుడు ఫోన్ పనికిరాదు. రాత్రి రూంకు వచ్చాక టైము గుర్తుండదు. డేటా ప్యాకు ఇంటికి వీడియో కాల్ కోసమే దాచుకుంటారు. నలుగురైదుగురు ఓవర్‌టైం గంటలు చిన్న జేబు పుస్తకంలో ఎప్పటి నుంచో రాసుకుంటున్నారు.

ఈ మాటలన్నీ ఆమెకు పంపొచ్చు. పంపడం కష్టమైన మాట ఒకటి ఉంది. అందరూ లేచి పోయాక జగిత్యాల వైపు పెద్దాయన ఒకాయన ఆగి అడిగాడు: "సారూ, దాంట్ల ఓటీ రాస్తే కంపెనీకి తెలుస్తదా?"

అప్పుడు తట్టింది నాకు. ఆ యాప్ వేసుకోమని చెప్పింది ఎవరు? నేను. ఓవర్‌టైం షీటు మీద సంతకం పెట్టేది ఎవరు? నేనే. నేను అడిగితే కాదనలేక వేసుకున్నారు, భయపడి రాయలేదు. తప్పు పిల్లది కాదు, యాప్‌ది అంతకన్నా కాదు. ఇరవై ఏళ్లు వాళ్లతో కలిసి తిన్నవాణ్ని, నేను సూపర్‌వైజర్‌నన్న సంగతి నేనే మర్చిపోయాను. ఆయనకు మాత్రం గుర్తుంది. ఎపిసోడ్‌లో ఇది చెప్పలేదు. సిగ్గేసింది. ఇక్కడ రాస్తున్నాను.

ఆమెకు ఫోన్ చేసి ఇదే చెప్పాను. "14 మంది అని రాయకు బిడ్డా. ఇద్దరు అని రాయి. మిగతా 12 మంది ఎందుకు వాడలేదో రాయి. అడిగినోడు సూపర్‌వైజర్ అని కూడా రాయి" అన్నాను. "మార్కులు పోతయేమో మామా" అంది. పోతే పోనీ అనడం నాకు సులువే, చదువు ఆమెది. ఆలోచించుకొమ్మన్నాను.

ఏ యంత్రాన్నైనా అడగాల్సినవి

ఆమె నోట్సులో రాసుకున్నవి ఇవి, మాటలు నావి, వరుస ఆమెది:

1. ఇది లేకముందు జనం ఈ పని ఎట్లా చేసుకుంటున్నారు? జేబు పుస్తకం ఉందా, బస్సు డ్రైవర్ ఉన్నాడా?

2. చెడిపోతే ఎవరు బాగుచేస్తారు, ఎన్ని రోజుల్లో, ఎవరి ఖర్చుతో?

3. రోజూ ఎవరి చేయి పడాలి? ఆ చేతికి ఇప్పటికే ఎంత పని ఉంది?

4. వాడుకున్నవాడికి దీనివల్ల ప్రమాదం ఉందా? వద్దు అనే వీలు అతనికి ఉందా?

5. మనం అనుకోని పద్ధతిలో జనం వాడితే, వాళ్లను దిద్దుతామా, మన డిజైన్ దిద్దుకుంటామా?

6. ఇచ్చినవి ఎన్ని అని కాకుండా, ఏడాది తర్వాత నడుస్తున్నవి ఎన్ని అని ఎవరు లెక్కపెడతారు?

మా అక్క ప్రశ్నకు, అంటే నౌకరీ ఏడ దొరుకుతది అన్నదానికి, నా దగ్గర గట్టి జవాబు లేదు. ఒక్కటి చెప్పాను: "అక్కా, బాపు చేసింది కూడా ఇదే పని. పేరే కొత్తది." అక్క నవ్వింది, ఒప్పుకోలేదు.

రిపోర్టులో ఆమె ఇద్దరు అనే రాసింది. మార్కులు ఇంకా రాలేదు. ఇప్పుడు యాప్ పక్కన పెట్టి ఒక చిన్న కాగితం పుస్తకం గీస్తోంది. రోజుకు ఒక గీత, గంటకు ఒక చుక్క, జేబులో పట్టేంత సైజు, చదువు రానివాళ్లు కూడా పెట్టుకోవచ్చు. నెలాఖరుకు ఇష్టమైతే ఫోటో తీసి ఇంటికి పంపుకోవచ్చు, కంపెనీకి కాదు. ఈసారి నన్ను పంచొద్దంది. క్యాంపులో కటింగ్ షాపు నడిపే తమ్ముడి దగ్గర పెడతామన్నాను, సరే అంది.

మీ క్యాంపులో, మీ ఊళ్లో ఇట్లా ఎవరో తెచ్చి పెట్టి పోయిన యంత్రం ఏదైనా ఉందా? ఇప్పుడు నడుస్తోందా, మూలన పడిందా? ఎప్పటిలాగే వాయిస్ మెసేజ్ పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆమే విని జవాబు చెప్తానంది.